పెద్ద విమానాలు పోతే పీడా పోయింది!

పెద్ద విమానాలు పోతున్నాయని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకండీ ఆ ఏడుపు? పోనివ్వండి! రెండంతస్తులు, నాలుగు ఇంజిన్లు, ఐదువందల మంది జనం. అది విమానమా, రెక్కలు తగిలించిన అపార్ట్‌మెంటా?

విమాన సంస్థల వాళ్ళకు ఇన్నాళ్ళకు కళ్ళు తెరుచుకున్నాయి. పెద్దవాటిని మూలన పెట్టి చిన్నవి కొంటున్నారు. రెండే ఇంజిన్లు, ఒకటే నడవ, నూట ఎనభై సీట్లు. నాలుగు ఇంజిన్ల పని రెండే చేసేస్తున్నాయట! మరి ఆ మిగతా రెండు ఇంజిన్లనూ ఇన్నాళ్ళూ చూసుకున్న మనుషులు ఏం చేస్తారని అడక్కండి. అలాంటి ప్రశ్నలు అడిగేవాళ్ళ వల్లే ప్రపంచం ముందుకు పోవడం లేదు.

లాభాలు చెబుతాను, వినండి.

ముందు సామాను సంగతి. పెద్ద విమానం దిగితే బెల్టు చుట్టూ ఐదువందల మంది, బెల్టు మీద ఐదువందల నల్ల సూట్‌కేసులు. మా బావమరిది ఒకసారి తనదే అనుకుని ఒకటి ఇంటికి ఈడ్చుకొచ్చాడు. తెరిచి చూస్తే ఎవరో పళ్ళ డాక్టరుగారి శాంపిల్ దవడలు, నలభై జతలు! వాళ్ళావిడ ఆ రోజంతా వంటింట్లోంచి బయటికి రాలేదు. చిన్న విమానంలో పొరపాటు పడదామన్నా అంత అవకాశం ఎక్కడుంది?

ఇక సీట్లు. ఇరుకంటారు, కాళ్ళు పట్టవంటారు. అందులోని ఆత్మీయత మీకు అర్థం కాలేదు! మొన్న నా మోకాళ్ళు రెండూ ముందు సీటాయన వీపుకు ఆనుకుని కూర్చున్నాయి. ఆయన దగ్గితే నాకు తెలిసింది, నిట్టూరిస్తే తెలిసింది. పాతికేళ్ళ కాపురంలో మా ఆవిడ మనసులో ఏముందో కనిపెట్టలేకపోయాను గానీ, ఆయనకు ఉద్యోగం మీద విసుగు పుట్టిందని గంటన్నరలో మోకాళ్ళతో పసిగట్టాను. దిగేటప్పుడు ఓదార్చాను కూడా. ఆయన బిత్తరపోయి చూశాడు, అది వేరే సంగతి.

పైగా పెద్దది రోజుకొకటే ఎగిరేది. తప్పిపోతే ఇంటికెళ్ళి పడుకోవడమే. ఇప్పుడు చిన్నవి రోజుకు మూడు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నవాడికి ఒకే రోజున మూడు విమానాలు తప్పిపోయే సదుపాయం ఇదివరకెప్పుడైనా ఉందా?

అన్నిటికంటే గొప్పది సమానత్వం. పెద్ద విమానంలో మేడ మీదివాళ్ళు వేరు, కిందివాళ్ళు వేరు. ఇప్పుడు మేడే లేదు! అందరం ఒకే గొట్టంలో ఒకే వరసలో కూర్చుంటాం. ముందు భాగంలో ఒక కర్టెన్ ఉంటుంది గానీ, అది బహుశా ఎండ పడకుండా కట్టి ఉంటారు.

ఇంత విడమరిచి చెప్పినా తలకెక్కని మనిషి మా ఇంట్లోనే ఒకాయన ఉన్నాడు. మా బాబాయి.

బాబాయి ఇరవై ఆరేళ్ళుగా పెద్ద విమానాల షెడ్డులో సీట్ల మెకానిక్. ఇంజిన్ల జోలికి పోడు. వెనక్కి వాలని సీటు, ఊగిపోయే ట్రే, బిగుసుకుపోయిన బెల్టు, ఇదే ఆయన సామ్రాజ్యం. షెడ్డులో అందరూ ఆయన్ను కుర్చీల సారు అంటారు. ఆ షెడ్డుకొచ్చే రెండంతస్తుల విమానమొకదాన్ని ఆయన పెద్దావిడ అంటాడు. మా పిన్ని ఎదురుగానే అంటాడు, ఏమనుకోవాలో ఆవిడకూ ఇంతవరకు తేలలేదు.

విచిత్రం ఏమిటంటే, బాబాయి ఆ విమానం ఒక్కసారి కూడా ఎక్కి ఎగరలేదు. ఆయన పనంతా విమానం కదలకముందే అయిపోతుంది. ఆయన దిగుతాడు, అది వెళ్ళిపోతుంది.

కానీ పై అంతస్తులో, రెక్క మొత్తం కనబడే చోట, కిటికీ పక్క సీటొకటి ఆయన తనదని పెట్టుకున్నాడు. దానికి ఏనాడూ ఒక్క స్క్రూ వదులు కానివ్వలేదు. కొత్త స్పాంజి వస్తే ముందు దానికే. వేరే మెకానిక్ ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే "అది సారు సీటు, దిగు" అని పక్కవాళ్ళే గదమాయించేవారు. ఎప్పటికైనా ఒక్కసారి అందులో కూర్చుని, ఆ రెక్క నేలను వదిలి లేవడం చూడాలని ఆయన కోరిక. ఇన్నేళ్ళలో మా బాబాయి నోరు తెరిచి చెప్పిన కోరిక అదొక్కటే.

పెద్దావిడ ఆఖరి ప్రయాణం ఫలానా రోజని సంస్థవాళ్ళు ప్రకటించారు. నేను ఆ సీటుకు, దాని పక్క సీటుకు టికెట్లు కొన్నాను. రెండు గంటల ప్రయాణం. అవతల మాకు పనేమీ లేదు, కాఫీ తాగి తిరిగి రావడమే. పిన్ని కొత్త చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది. "పెళ్ళిచూపులకు కూడా ఇంత ముస్తాబవలేదు మీ బాబాయి" అని దెప్పింది.

తనిఖీ దగ్గర మమ్మల్ని ఆపారు. కొత్త చొక్కా జేబులో స్క్రూడ్రైవర్!

"ఇదెందుకండీ?" అన్నాడు సెక్యూరిటీ ఆయన.

"ట్రే వదులుగా ఉంటేనో?" అన్నాడు బాబాయి.

తప్పు ఆయనది కాదు. ఇరవై ఆరేళ్ళు స్టాఫ్ గేటులోంచి వెళ్ళిన మనిషి. అక్కడ చేతిలో పనిముట్లు లేకపోతే ఆపుతారు, ఇక్కడ ఉన్నందుకు ఆపారు. అది తీసి డబ్బాలో పడేస్తుంటే ఆయన చెయ్యి జేబు మీదే ఉండిపోయింది.

గేటు దగ్గరికి వెళ్ళి అద్దంలోంచి చూస్తే పెద్దావిడ లేదు. ఆ స్థానంలో చిన్న విమానం ముద్దుగా నిలబడి ఉంది.

బాబాయి కౌంటర్లో ఉన్న అమ్మాయి దగ్గరికి పరిగెత్తాడు. "ఏమైందమ్మా దానికి? ఏదన్నా పాడైందా? నేను షెడ్డు మనిషినే. ఒక్క పది నిమిషాలు టైమిస్తే చూసేస్తాను."

"ఏం పాడవలేదు సార్. టికెట్లు తక్కువ అమ్ముడయ్యాయి. ఇంతమందికి చిన్నది చాలని మార్చారు. మీకు మెరుగైన అనుభవం కోసమే." పాపం, ఆ పిల్లకు చివరి మాట స్క్రీన్ మీద రాసి ఉంది, చదివింది.

మీరే చెప్పండి, ఎంత సమర్థత! పెద్ద విమానానికి వీడ్కోలు చెప్పే ప్రయాణంలో కూడా పెద్ద విమానాన్ని వాడకుండా పొదుపు చేశారు.

మేడ లేదు కనుక మాకు ఇరవై మూడో వరస ఇచ్చారు. బాబాయికి మధ్య సీటు. కిటికీ పక్కనాయన ఎక్కగానే షట్టర్ కిందికి లాగి నిద్రపోయాడు. గాల్లోకి లేచాక బాబాయి ముందున్న ట్రే మెల్లగా కిందికి వాలింది. మూశాడు. మళ్ళీ వాలింది. ఆయన చెయ్యి జేబులోకి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది. మిగతా దారంతా అరచేత్తో ఆ ట్రేను పట్టుకుని కూర్చున్నాడు.

"వదిలెయ్యి బాబాయ్, పడితే పడనీ" అన్నాను.

"ఎలా వదిలేస్తానురా? చూస్తూ చూస్తూ" అన్నాడు.

దిగేటప్పుడు ఎయిర్‌హోస్టెస్‌కు చెప్పాడు. "ఇరవై మూడో వరస, మధ్య సీటు. ట్రే గొళ్ళెం స్క్రూ వదులైంది. ఎవరినైనా చూడమనండి."

"రాసి పెడతానండీ. ఈ విమానాలకు సీట్ల మెకానిక్‌లను ఇంకా వెయ్యలేదు" అందావిడ నవ్వుతూ.

అవతల కాఫీ తాగాం. బాగాలేదు. తిరిగొచ్చాం. నాకు నిజంగానే కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక, ఆ కాఫీ అమ్మినవాడి మీద చూపించాలని కూడా అనిపించింది. కానీ నేను పొదుపు పక్షం మనిషిని కదా! తమాయించుకున్నాను.

పోయిన ఆదివారం షెడ్డు ఫోర్‌మన్ ఫోన్ చేశాడు. "సారును తీసుకురండి. రేపట్నుంచి దాన్ని విప్పడం మొదలెడతారు" అన్నాడు.

విమానాశ్రయం చివర గడ్డి మైదానంలో పెద్దావిడ ఒంటరిగా నిలబడి ఉంది. నాలుగు ఇంజిన్లకూ ఎర్రటి గుడ్డలు కట్టేశారు. ఫోర్‌మన్ నిచ్చెన వేయించి, ఏదో పని గుర్తొచ్చినట్టు పక్కకు వెళ్ళిపోయాడు. మేమిద్దరం లోపలి మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళాం.

బాబాయి ముందుగా జేబులోంచి ఇంకో స్క్రూడ్రైవర్ తీశాడు. తన సీటు కిందికి వంగి ఏదో బిగించాడు.

"ఎందుకు బాబాయ్? రేపు విప్పేస్తారుగా?"

"విప్పేవాడికైనా సీటు సరిగ్గా ఉండాలి కదరా."

తర్వాత కిటికీ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. నన్నూ పెట్టుకోమన్నాడు. షట్టర్ పైకెత్తాడు. రెక్క మొత్తం కనబడింది, చివరి దాకా. ఆయన సీటును వెనక్కి వాల్చాడు. చప్పుడు లేకుండా మెత్తగా వాలింది. అరగంట కూర్చున్నాం.

విమాన సంస్థలవారికి నా మనవి ఒకటే. మీ లెక్కలన్నీ తిరగరాయండి. ఆ అరగంటలో చుక్క ఇంధనం ఖర్చు కాలేదు. పొగ లేదు, మోత లేదు, ఆలస్యం లేదు. ట్రే ఒక్కసారి కూడా కిందికి వాలలేదు. ఇంత పొదుపైన విమానాన్ని ఈ భూమ్మీద ఇంకెవరైనా తయారు చెయ్యగలరా?

ఒకటే చిన్న లోపం. బాబాయి ఎంతసేపు చూసినా ఆ రెక్క కింద గడ్డి మాత్రం కదల్లేదు.