మంచి ఆటగాడి చేతిని కొట్టాల్సిందే

ఐస్ హాకీలో అందరికంటే బాగా ఆడేవాడి మణికట్టు మీద కర్రతో ఒక్కటి తగిలించడం చాలా మంచి ఆచారం. దాన్ని ఆపించాలని కొందరు ఇంటర్నెట్‌లో పిటిషన్లు పెడుతున్నారు. దయచేసి ఎవరూ సంతకం చేయకండి.

ఈ మాట చెప్పడానికి నాకేం అర్హత ఉందని మీరు అడగొచ్చు. పెళ్లై అమెరికాలోని షాంటిలీ వచ్చి ఏడు నెలలైంది. అంతకుముందు ఐస్ అంటే నాకు ఫ్రిజ్‌లో పై అర మాత్రమే. ఇప్పుడు వారానికి రెండు మ్యాచ్‌లు చూస్తున్నాను. కొంతమంది నాకంటే తక్కువ చూసి లీగ్ ఆఫీసులో కూర్చున్నారని మా ఆయన అనుమానం.

మా ఆయన కౌస్తుభ్ ఇక్కడే పుట్టాడు. నాకు ఈ ఆట డైనింగ్ టేబుల్ మీద నేర్పాడు. ఉప్పు డబ్బా గోల్‌కీపర్. మిరియపు గింజ పక్, అంటే వాళ్లు కర్రలతో తోసుకునే నల్ల రబ్బరు బిళ్ల. "ఇది చాలా ఈజీ ఉంది. నువ్వు స్పూన్ తీసుకో, నేను ఫోర్క్ తీసుకుంటా" అన్నాడు. నేను కొట్టిన మొదటి గోల్ సోఫా కిందికి పోయింది. ఇద్దరం బోర్లా పడుకుని, ఫోన్ వెలుగులో మిరియపు గింజ కోసం వెతికాం. సంసారం ఇంత సరదాగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదేమిటి?

ఇక అసలు విషయానికి వస్తాను. మా వైపు టీమ్ పొటోమాక్ హెరన్స్. అందులో పదిహేడో నంబరు లార్స్ ఎకెబర్గ్. స్వీడన్ నుంచి వచ్చాడు, ఇరవై నాలుగేళ్లు. నలుగురు అడ్డం నిలబడితే ఎవరికీ కనపడని సందు ఒకటి అతనికి కనిపిస్తుంది. పక్ అందులోంచి వెళ్లిపోయాక మనకీ కనిపిస్తుంది. అదంతా ఆ రెండు మణికట్లలోనే ఉంది. అందుకే ఎదుటి టీములకి వాటిమీద అంత శ్రద్ధ.

కర్రతో కొడితే శిక్ష లేదా అంటారేమో. ఎందుకు లేదు! కొట్టినవాడు రెండు నిమిషాలు గాజు గదిలో కూర్చోవాలి, అంతసేపూ వాళ్ల టీమ్ ఒక మనిషి తక్కువతో ఆడాలి. అక్కడ బెంచీ ఉంటుంది, తువ్వాలు ఉంటుంది, మంచినీళ్లు ఉంటాయి. మొహానికి తగిలి రక్తం వస్తే మాత్రం నాలుగు నిమిషాలు. రిఫరీకి కోపం వస్తే ఐదు నిమిషాలు వేయొచ్చు, మ్యాచ్ నుంచే పంపేయొచ్చు. కానీ రిఫరీలు స్వతహాగా శాంతస్వభావులు.

నవంబరులో ఒకడు లార్స్ పెదవి మీద కర్ర ఆడించాడు. రిఫరీ దగ్గరికొచ్చి, బజారులో దానిమ్మకాయ చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎర్రగా ఏమీ లేదు. లార్స్ పాపం తనే పెదవిని నొక్కుకుంటున్నాడు.

"రావాలి, రావాలి" అన్నాడు కౌస్తుభ్ నా చేయి పట్టుకుని.

వచ్చింది. పద్దెనిమిది వేలమంది లేచి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. చీమ చస్తే బాధపడే కుటుంబంలో పుట్టినదాన్ని, ఇంకొకరి బిడ్డ నోట్లోంచి రక్తం కారిందని ఎగిరి గంతేశాను! ఆ సంతోషంలో మా ఆయన నాకు హాట్ చాక్లెట్ కొనిపెట్టాడు. మార్ష్‌మెల్లోలు కూడా వేయించాడు. ఇంత ఆనందం పంచే ఆచారాన్ని తీసేయమంటారా?

డిసెంబరులో అసలు దెబ్బ తగిలింది. ఎదుటి టీమ్‌లోని నలభైనాలుగో నంబరువాడు రెండు చేతులతో కర్రెత్తి, లార్స్ ఎడమ మణికట్టు మీద వేశాడు. పక్ అప్పటికి పది అడుగుల దూరంలో ఉంది. గ్లవ్ లోపల ఏం విరిగినా బయటికి కనపడదు కదా, రెండు నిమిషాలు. లార్స్ చేతిని కడుపుకి ఆనించుకుని లోపలికి వెళ్లిపోయాడు.

టీమ్ వాళ్లు "అప్పర్ బాడీ ఇంజురీ" అని ప్రకటించారు. ఈ ఆటలో దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పరు. చెబితే తర్వాతి టీమ్ సరిగ్గా అక్కడే కొడుతుందట. ఎంత నమ్మకమో చూడండి, సాటి ఆటగాళ్ల మీద! నాకీ పద్ధతి తెగ నచ్చి ఇంట్లో కూడా పెట్టేశాను. దోసె పెనం తగిలి నా వేలు కాలితే కౌస్తుభ్ వాళ్లమ్మకి ఫోన్‌లో అదే చెప్పాడు. "అప్పర్ బాడీ, అమ్మా. రేపు దోసె డౌట్‌ఫుల్."

వాళ్లమ్మ, అంటే మా అత్తయ్య రాధారాణి గారు, చేతి ఎముకల సర్జన్. ముప్ఫై ఏళ్లుగా అదే పని. హాకీ అంటే ఆవిడకి ఆసక్తి లేదు గానీ, ఆ ఆదివారం మా ఇంట్లో భోంచేస్తూ టీవీలో ఆ దెబ్బని ఒక్కసారి చూశారు. "మణికట్టులో చిన్న ఎముక పోయింది. రక్తం సరిగ్గా అందని చోటు. ఈసారికి అతుకుతుంది. మళ్లీ అక్కడే తగిలితే కర్ర పట్టుకోలేడు" అని పెరుగు కలుపుకున్నారు. కౌస్తుభ్ ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది.

ఆ భోజనానికి పక్కవీధి శ్యామ్‌సుందర్ అంకుల్ కూడా వచ్చారు. రిటైరైన ఇంజనీరు. ఈ ఆచారానికి నాకంటే పెద్ద అభిమాని.

"ఇది మగాళ్ల ఆట వదినగారూ. స్టార్ అని చెప్పి పట్టుబట్టలో చుట్టి పెడతామా?" అన్నారు.

"మీ మోకాలికి ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు మీద కంప్లైంట్ రాస్తానన్నారు కదా అన్నయ్యగారూ. రాశారా?" అని అడిగారు అత్తయ్య.

"అది వేరు. ఆ అమ్మాయి చెప్పకుండా పొడిచింది."

"నలభైనాలుగు చెప్పే కొట్టాడా అంకుల్?" అన్నాడు కౌస్తుభ్.

అంకుల్ పప్పు బాగుందన్నారు.

నేను మాత్రం అంకుల్ పక్షమే. ఆలోచించండి, బాగా చేసేవాళ్లకి రక్షణ ఇస్తే మిగతావాళ్లు ఎప్పుడు పైకొస్తారు? మా కాలేజీలో ఈ పద్ధతి ఉండుంటే, ప్రతి సెమిస్టర్ ఫస్ట్ వచ్చే ఉమామహేశ్వరి వేళ్లమీద పరీక్షకి ముందు స్కేలుతో ఒక్కటిచ్చి, రెండు నిమిషాలు వరండాలో నిలబడి వచ్చి, హాయిగా గోల్డ్ మెడల్ తీసుకునేదాన్ని. సంగీత కచేరీల్లో కూడా పెట్టొచ్చు. వీణ వాయించే ఆవిడ మరీ బాగా వాయిస్తోందనుకోండి, రెండో వరసలో వాళ్లు లేచి కాస్త సరిచేయొచ్చు. ప్రేక్షకులు టికెట్ కొన్నది వీణ వినడానికని ఎవరన్నారు?

లీగ్ వాళ్లు నలభైనాలుగుని ఫోన్‌లో విచారించారు. పక్‌నే కొట్టబోయానని అతను చెప్పాడు. పది అడుగుల దూరంలో ఉన్నదాన్ని! కర్ర పొడవు తెలిసినవాళ్లు అక్కడ ఎవరూ లేనట్టుంది, చిన్న జరిమానాతో సరిపెట్టారు. లార్స్‌కి మణికట్టులో స్క్రూ వేశారు. ముప్ఫైనాలుగు మ్యాచ్‌లు పోయాయి.

దానివల్ల మాకెంత మేలు జరిగిందో! లార్స్ లేడని జనం తగ్గారు, మంచు చుట్టూ ఉండే అద్దం పక్కనే సీట్లు దొరికాయి. మధ్యలో ఖాళీగా ఉన్న సీటు మీద ఇద్దరి కోట్లూ పెట్టుకున్నాం. గోల్స్ లేవు కాబట్టి మాటలకి తీరిక దొరికింది. మా ఆయన తెలుగు బాగుపడింది. ఫిబ్రవరికల్లా మూడు పీరియడ్లూ ఏమీ జరగని మ్యాచ్‌ని "చాలా ప్రశాంతంగా ఉంది" అని వర్ణించగలిగాడు. కానీ రాత్రి ఇంటికెళ్లేటప్పుడు కార్‌లో పాట పెట్టడం మానేశాడు. ఈ చిన్న నష్టాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు.

మార్చి రెండో వారంలో లార్స్ తిరిగొచ్చాడు. ఎదుటిది మళ్లీ అదే టీమ్. అత్తయ్యని కూడా బలవంతంగా తీసుకెళ్లాం. ఆవిడ శాలువా కప్పుకుని, ఆట వదిలేసి అతని ఎడమచేతినే చూస్తూ కూర్చున్నారు.

మొదటి పీరియడ్‌లో, లార్స్ వెనక్కి తిరిగి చూడకుండా ఒక పాస్ ఇచ్చాడు. అది సరిగ్గా తన టీమ్‌వాడి కర్రకే చేరింది. కౌస్తుభ్ చిన్నపిల్లాడిలా నా భుజం మీద తల పెట్టేశాడు.

"పట్టు బాగుంది" అన్నారు అత్తయ్య. ఆవిడ నోట మెచ్చుకోలు నేను వినడం అదే మొదలు. నా సాంబారుకి కూడా రాలేదు.

రెండో పీరియడ్‌లో నలభైనాలుగు వచ్చాడు. అదే చేయి, అదే చోటు. రిఫరీ చెయ్యెత్తాడు. గ్లవ్ వైపు చూశాడు. రక్తం లేదు. రెండు నిమిషాలు.

లార్స్ బెంచీ మీద కూర్చున్నాడు. గ్లవ్ సొంతంగా తీసుకోలేకపోయాడు. టీమ్ మనిషి ఒకతను ఒక్కో వేలూ వదులు చేసి తీశాడు. బొటనవేలు కదిలించమన్నట్టు సైగ చేశాడు. లార్స్ దానికేసి చూశాడు, అది కదల్లేదు.

"అమ్మా, మళ్లీ ఆడతాడా?" అన్నాడు కౌస్తుభ్.

"బొత్తాలు పెట్టుకోవడం వరకు నేర్పొచ్చు" అన్నారు అత్తయ్య.

గాజు గదిలో నలభైనాలుగు నీళ్లు తాగి మొహం తుడుచుకున్నాడు. గడియారం సున్నాకి వచ్చింది, తలుపు తెరుచుకుంది, ఉత్సాహంగా మంచు మీదికి దూకాడు. రూలు ప్రకారం శిక్ష పూర్తయింది. ఇంకా ఏం కావాలి ఈ పిటిషన్లవాళ్లకి? రెండు నిమిషాలంటే తక్కువా?

ఆ మాటే అత్తయ్యని అడిగాను. ఆవిడ శాలువా మడత పెట్టుకుంటూ లేచారు.

"అలాంటి చేతిని బాగుచేసే ముందు మా చేతులు కడుక్కోవడానికే ఐదు నిమిషాలు పడుతుందమ్మా" అన్నారు.