టెంపరరీ కుళాయి

ఇంటి ఓనరు పొద్దున్నే వస్తానన్నాడు. వీళ్ళని ఉంచాలో ఖాళీ చేయించాలో ఇల్లు చూశాక తేలుస్తాడట. కూతురి కాలేజీ పక్క వీధిలోనే. ఈ ఇల్లు పోతే మళ్ళీ ఇంత దగ్గర్లో దొరకదు. ఇల్లాలు తెల్లారకుండానే లేచి గచ్చు అద్దంలా తుడిచింది. ఎందుకైనా మంచిదని పెట్టెలూ సగం సర్దింది. ఇక మిగిలింది వంటింట్లో కారే కుళాయి.

"ప్లంబర్ని పిలవండి."

"వాడెందుకే దండగ? టెంపరరీగా నేను ఆపుతాగా!" అన్నాడు మొగుడు.

ఆమెకి ఆ మాటంటేనే భయం. టెంపరరీ అంటే కొన్నాళ్ళకని లోకం అనుకుంటుంది. ఈయన నోట ఆ మాట వచ్చిందంటే ఆ వస్తువుకి ఇక మోక్షం లేదు. కిటికీకి టెంపరరీగా అట్టముక్క పెట్టిన ఏడాది పుట్టిన పిల్లే ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది.

కుళాయి మెడకి, వీళ్ళు దిగేనాటికే చుట్టి ఉన్న పాతగుడ్డ ఒకటుంది. దాని మీద ఆయన కర్టెన్ తాడు బిగించి, రెండో కొస అలమారాకి కట్టాడు. అలమారా ముందుకి ఒరిగింది. అది పడకుండా బట్టల తీగతో చుట్టి, తీగని వీధి తలుపు గడియకి కట్టాడు.

"నాన్నా, ఇప్పుడు తలుపు తీస్తే?" అంది కూతురు.

"తియ్యకండి. సరిపోతుంది!"

"మరి ఓనరు ఎటునుంచి వస్తాడు, చూరులోంచా?" అంది ఇల్లాలు.

ఆయన ఆలోచనలో పడేలోపే ఓనరు బయటినుంచి తలుపు లాగాడు. తలుపు అలమారాని లాగింది, అలమారా కుళాయిని పీకింది. "ఏమైందమ్మా?" అంటూ వంటింట్లోకి ఉరికిన ఓనరు, ఎగజిమ్మే నీళ్ళకి నిలువునా తడిసిపోయాడు.

ఇల్లు పోయిందనుకుంది ఆమె. ఓనరు మొహం తుడుచుకోబోతూ, కాలికి తగిలిన గుడ్డ తీసి తిప్పి తిప్పి చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇది నా చొక్కా ముక్క. ప్లంబర్ వచ్చేదాకా అని నేనే కట్టానమ్మా... టెంపరరీగా."

"ఇన్నేళ్ళూ ఆ గుడ్డ నీళ్ళే తాగామన్నమాట!" అంది ఆమె.

"ఇంకొకళ్ళయితే నన్ను వీధికీడ్చేవాళ్ళు. మీరే ఉండండి తల్లీ."

"ఎన్నాళ్ళండీ?"

"ప్రస్తుతానికి... టెంపరరీగా అనుకోండి."

మగాళ్ళిద్దరూ కొత్త గుడ్డ కోసం వెతుకులాటలో పడ్డారు. ఆమె మాత్రం ఈ జన్మకి ఇక ఇల్లు మారే పనిలేదని, నిశ్చింతగా పెట్టెలు విప్పింది.