మొత్తం కుడివైపుకు సర్దవలెను

మానవ నాగరికత రాతి మీద గీతలతో మొదలై, పట్టికలో కుడివైపుకు సర్దుకున్న అంకెలతో పరిపూర్ణమైంది. ఈ మాట చరిత్రకారులెవరూ చెప్పలేదు. మొత్తాల క్రమబద్ధీకరణ శాఖవారి నూట పధ్నాలుగో సర్క్యులర్ చెప్పింది. ఆ సర్క్యులర్‌ను చివరిదాకా చదివిన ప్రాణి శాఖ మొత్తంలో ఒక్కతే, టైపిస్టమ్మ. (చదవక తప్పలేదు. టైపు చేసింది ఆవిడే.)

సర్క్యులర్ సారాంశం ఇది. ఎవరికి ఎంత డబ్బు రావాలన్నా, ఆ ఖర్చులను ఉత్తరాలు టైపు చేసుకునే ప్రోగ్రాంలోనే పట్టికగా వేయాలి. కింద మొత్తాన్ని చేత్తో కొట్టకూడదు. పట్టిక తనంతట తానే కూడుకోవాలి. అది ఎంత చెబితే అంతే తుది మొత్తం. లెక్కలు వేయడానికే పుట్టిన ప్రోగ్రాం ఒకటి అదే కంప్యూటర్లో, ఆ పక్కనే ఉంది గానీ దాన్ని శాఖ నిషేధించింది. (అందులో శాఖ ముద్ర సరిగ్గా మధ్యకు రాదు.)

ఇరవై రెండేళ్ళుగా టైపిస్టమ్మ అందరి పట్టికలూ కొట్టింది. ఎవరిదైనా తిరిగొస్తే, "నియమం అంటే నియమమే కదండీ" అని వాళ్ళకే నచ్చజెప్పి మళ్ళీ కొట్టేది. ఇందులో ఆవిడకు ఎప్పుడూ తప్పు కనిపించలేదు. ఇప్పుడు సొంత పట్టిక వేయాల్సి వచ్చింది.

వాళ్ళమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. కుడికంటికి ఆపరేషన్ అయింది. ఆ ఖర్చు శాఖ తిరిగి ఇస్తే, ఆ డబ్బుతోనే ఎడమకంటికి చేయించాలి. అంతవరకూ ఒక కన్ను లోకాన్ని కడిగినట్టు చూపిస్తుంటే, రెండోది మంచు కురిపిస్తోంది. గ్లాసులో పోయాల్సిన నీళ్ళు బల్ల మీద పోస్తోంది పెద్దావిడ. నలభై ఏళ్ళు చొక్కాలకు కాజాలు కుట్టి పిల్లను చదివించిన మనిషి, ఇప్పుడు సూదిలో దారం ఎక్కించడానికి కూతురు ఇంటికొచ్చేదాకా కాచుక్కూర్చుంటోంది.

ఆపరేషన్ 14,500. లెన్సు 9,200. పరీక్షలు 1,440. చుక్కల మందు 860. కూతురు రశీదులు చదువుతుంటే అమ్మ వేళ్ళ మీద కూడేసింది.

"ఇరవై ఆరు వేలు. చిల్లర కూడా లేదు. దీనికి కంప్యూటరెందుకే?"

"మా ఆఫీసులో వేళ్ళు చెల్లవమ్మా."

పట్టికల పరిశీలనాధికారి అసలు పేరు జీతాల రిజిస్టరుకు మాత్రమే తెలుసు. ఆఫీసుకు ఆయన స్కేలుగారు. కాగితం చేతికి రాగానే దాని మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి, దశాంశ బిందువులన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూస్తారు. అంకెలు మాత్రం చదవరు. (చదివితే పక్షపాతం వస్తుందని ఆయన భయం.)

మొదటిసారి మొత్తం 26000 అని వచ్చింది.

"ఇదేంటమ్మా, ఎవరిదో ఫోన్ నంబరు సగానికి తెగినట్టుంది? కామా ఏది? చివర బిందువూ, దాని తర్వాత రెండు సున్నాలూ ఏవి?"

"పట్టికే కూడింది సార్. నేను ముట్టుకోలేదు."

"కూడుతుంది. మర్యాద మాత్రం మనమే నేర్పాలి."

నేర్పింది. మొత్తం ఉన్న గడిలోకి వెళ్ళి, సూత్రం చివర ఏ అంకె ఎక్కడ నిలబడాలో, కామా ఎక్కడ పడాలో చెప్పే గుర్తులన్నీ కొట్టింది. మార్చిన సంగతి పట్టికకు తనంతట తానుగా తెలియదు కాబట్టి మీట నొక్కి నిద్రలేపింది. 26,000.00 అని ఒద్దికగా వచ్చింది. ముందున్న రూపాయి గుర్తు అంకెకు మరీ ఆనుకుందని రెండోసారి తిరిగొచ్చింది. జరిపితే, మరీ దూరమైందని మూడోసారి తిరిగొచ్చింది. నాలుగోసారి స్కేలుగారు గుర్తుకూ అంకెకూ నడుమ తన విజిటింగ్ కార్డు అంచు పెట్టి చూసి, సరిపోయిందని తలూపి, "శీర్షికలో సంవత్సరం వేయలేదేం?" అన్నారు.

ఖర్చుల వరస పైన 2022 అని వేసింది. మీట నొక్కింది. మొత్తం 28,022.00 అయి కూర్చుంది.

టైపిస్టమ్మ నాలుగుసార్లు నొక్కి చూసి స్కేలుగారి దగ్గరికి పరుగెత్తింది. "సార్, పైనున్న సంవత్సరాన్ని కూడా కలిపేసుకుంది సార్!"

ఆయన కాసేపు ఆలోచించారు. "సంవత్సరం కూడా ఖర్చయిందే కదమ్మా."

"నాకు రావాల్సినదానికంటే ఎక్కువ సార్. రేపు ఆడిట్‌లో నా మెడకే చుట్టుకుంటుంది."

"బిందువులు తిన్నగానే ఉన్నాయే" అన్నారాయన బాధగా. చివరికి సంవత్సరాన్ని అక్షరాల్లో రాసుకోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు. అందుకు విడిగా ఒక దరఖాస్తు. (అందులోనూ ఒక పట్టిక.)

ఇక అయిపోయిందనుకుంది. అమ్మకు కూడా చెప్పేసింది. పెద్దావిడ సంబరంగా మూలపడ్డ కాజాల దారపు ఉండలన్నీ తీసి రంగుల వారీగా పేర్చుకుంది.

మర్నాడు పొద్దున్నే నూట పదిహేనో సర్క్యులర్ టైపు చేయమని కాగితం వచ్చింది. రోగాల ఖర్చు వ్యక్తిగత విషయం గనుక, గోప్యతను కాపాడేందుకు వైద్య ఖర్చుల అంకెలన్నిటినీ ఇకపై బ్రాకెట్లలో ఉంచవలెనని దాని సారం. అలవాటు ప్రకారం టైపిస్టమ్మ ఒక్క తప్పూ లేకుండా కొట్టి ఇచ్చింది. తర్వాత తన పట్టిక తెరిచి, నాలుగు అంకెలనూ బ్రాకెట్లలో పెట్టి మీట నొక్కి, ఆ ఊపులోనే ప్రింటు కూడా ఇచ్చేసింది.

బ్రాకెట్లో కూర్చున్న అంకె అంటే తీసివేయాల్సిన అంకె అని ఆ ప్రోగ్రాం నమ్మకం. ఎవరి నమ్మకం వారిది. కింద -26,000.00 అని వచ్చింది.

ఆవిడ మొత్తుకుంటూ వెళ్ళేసరికే, ఆఫీసు కంప్యూటర్ల నుంచి కాగితాలు నేరుగా స్కేలుగారి గదిలోని ప్రింటరుకే పోతాయి కనుక, పట్టిక ఆయన చేతిలో ఉంది. స్కేలు ఆనించారు. ఒకసారి కాదు, మూడుసార్లు ఆనించారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి.

"పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంత తిన్నని పట్టిక చూడలేదమ్మా. ఆ మైనస్ గుర్తు చూడు, ఎంత అణకువగా నిలబడిందో!"

"సార్, అది ఉంటే నేనే మీకు బాకీ పడ్డట్టు సార్!"

"పట్టిక అలా చెబుతోందా?"

"తప్పు చెబుతోంది. బ్రాకెట్లు తీసేయనివ్వండి."

"తీస్తే గోప్యత పోతుంది."

"పోనీ, మొత్తం చేత్తో కొడతాను."

"కొడితే నియమం పోతుంది."

"మరి మా అమ్మ కన్ను పోతే?"

స్కేలుగారు నొచ్చుకున్నారు. "అది మీ వ్యక్తిగత విషయం కదమ్మా. అందుకేగా బ్రాకెట్లు పెట్టించాం."

టైపిస్టమ్మకు ఒళ్ళు మండిపోయింది. ఆ స్కేలు లాక్కుని కిటికీలోంచి గిరాటేయాలనిపించింది. పైకి మాత్రం, ఇన్నేళ్ళుగా తాను ఇతరులకు చెప్పిన మాటే నోటికొచ్చింది. "నియమం అంటే నియమమే కదండీ." ఆ మాట ఇంత చేదుగా ఉంటుందని ఆవిడకు ఆరోజే తెలిసింది.

వారంలో ఉత్తర్వు వచ్చింది. సదరు ఉద్యోగిని నుంచి ఇరవై ఆరు వేలను నెలకు రెండు వేల చొప్పున పదమూడు వాయిదాల్లో జీతంలోంచి వసూలు చేయవలెను. అభ్యంతరమున్నచో నిర్ణీత పట్టికలో తెలుపవలెను. ఉత్తర్వుకు పిన్నుతో గుచ్చి ఒక ప్రశంసాపత్రం కూడా ఉంది. ఆవిడ పట్టికను మాదిరిగా ఎంపిక చేసి, అద్దం బిగించి, శాఖ గుమ్మం దగ్గర వేలాడదీశారు.

ఆ సాయంత్రం అమ్మ పట్టిక నకలు చేతిలోకి తీసుకుంది. కుడికన్నుతో చూసి గుర్తుపట్టేసింది. "ఇదేంటే, అంకె ముందు ఈ గీత? ఇచ్చేదా, పుచ్చుకునేదా?"

కూతురు తల వంచుకుని ఏడ్చింది.

పెద్దావిడ ఆపరేషన్ అయిన కన్నును అరచేత్తో మూసుకుని, కాగితాన్ని ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని ఇటూ అటూ తిప్పి చూసింది.

"ఈ కంటికి గీతా లేదు, అంకే లేదు. అన్నీ వరసగా, ముచ్చటగా ఉన్నాయి" అంది. "దీనికి ఆపరేషన్ వద్దులేవే. మీ ఆఫీసులో ఉద్యోగానికి పనికొస్తుంది."