నాంచారమ్మ వంటశాలకు మృగరాజు గారి తనిఖీ

ఒక పెద్ద అడవిలో పులి కోరలకన్నా, ఏనుగు తొండంకన్నా ఎలుగుబంటి నాంచారమ్మ గరిటెకే అందరూ ఎక్కువ భయపడేవారు. అడవి బడిలో చదువుకునే పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండిపెట్టేది ఆవిడే. వంట అమృతమని పేరు. నోరు మాత్రం అంత తీపి కాదు. ఒక్క మెతుకు వదిలేసినా సరే, ఆ పిల్లాడి తాతముత్తాతల దాకా తలుచుకుని మరీ తినిపించేది.

ఆవిడకి వాళ్ల అమ్మమ్మ నేర్పిన నియమం ఒకటుంది. సాయంత్రం గిన్నెలన్నీ ఖాళీచేసి కడిగేస్తే లక్ష్మీదేవి అలిగి వెళ్లిపోతుందట. అందుకని ప్రతి గిన్నెలోనూ ఓ పిడికెడు మిగిల్చి, దేవతకి అడ్డమెందుకని మూత కూడా పెట్టకుండా వదిలేసి, మర్నాడు పొద్దున తోముకునేది. లక్ష్మీదేవి వచ్చేదో లేదో గాని, బొద్దింకలు మాత్రం బంధుమిత్ర సపరివార సమేతంగా విచ్చేసేవి.

ఆ ఏడు వానలు మొదలయ్యాక బడిలో సగంమంది పిల్లలు విరేచనాలతో పడకేశారు. నాంచారమ్మ మనవరాలు ముత్యాలుకి ఆయాసం పట్టుకుంది. ఆ పిల్ల వంటశాలలోనే బియ్యం బస్తాల పక్కన పడుకునేది. ఊపిరి తీసినప్పుడల్లా ఈల వేసినట్టు వినిపించేది. నాంచారమ్మకి ఆ పిల్ల తప్ప నా అన్నవాళ్లు లేరు. ఆ ఈల చెవిన పడితే చాలు, చేతిలో గరిటె ఆగిపోయేది.

కొంగ డాక్టరు వచ్చి, పిల్ల వీపు మీద చెవి పెట్టి విన్నాడు. తర్వాత తన పొడుగాటి ముక్కుతో ఒక బియ్యం బస్తాని పక్కకి లాగాడు. వెనక గోడ మొత్తం కదిలింది. గోడనుకున్నదంతా బొద్దింకలే.

"చూడు నాంచారమ్మా, మురిక్కాలవలో నడిచిన కాళ్లతోనే ఇవి నీ పప్పు గిన్నెలోకి దిగుతున్నాయి. పిల్లల కడుపులు చెడుతున్నది అందుకే. వీటి పెంటా, ఇవి విడిచిన పొట్టూ ఎండి ధూళైపోతాయి. నీ మనవరాలు పీలుస్తున్నది ఆ ధూళినే. నేనెన్ని మందులిచ్చినా ఇవి ఉన్నంతకాలం ఆయాసం తగ్గదు" అన్నాడు.

తిండి, తడి, చీకటి ఉన్నంతవరకూ అవి కదలవనీ, ఆ మూడూ లేకుండా చేస్తే వాటంతట అవే దారి చూసుకుంటాయనీ చెప్పాడు. గిన్నెలు తిన్నవెంటనే కడగమన్నాడు. డబ్బాలకి గట్టి మూతలు పెట్టమన్నాడు. కారే కుళాయి బాగుచేయించి, గోడ పగుళ్లు మట్టితో పూడ్చి, పాత గోనె సంచులు తగలబెట్టమన్నాడు. గోనెల మడతల్లోనే గుడ్లు పెడతాయట.

గిన్నెల మాట వినగానే నాంచారమ్మ ఇంతెత్తున లేచింది. తన వంటశాలని వేలెత్తి చూపిన మొనగాడు ఇంతవరకూ పుట్టలేదని, తప్పంతా కుళాయిదేనని తేల్చేసింది. కుళాయి మాట కొంత నిజమే. మరమ్మతుల ఇంజినీరు తాబేలు కూర్మారావుకి కబురు పంపితే, బయల్దేరానని జవాబొచ్చింది. అది పోయిన వానాకాలం మాట. ఇంకా దారిలోనే ఉన్నాడు.

పంచాయతీ ప్రెసిడెంటు నక్క జంబుకేశ్వరరావు మాత్రం తక్షణం స్పందించాడు. బొద్దింకల నిర్మూలన మహాసంఘం స్థాపించి, అధ్యక్ష పదవి తనే తీసుకుని, మొదటి సమావేశం వంటశాలలోనే పెట్టించాడు. సభ్యులందరూ వేడివేడి పకోడీలు తింటూ బొద్దింకలని తీవ్రంగా ఖండించారు. రాలిన పకోడీ పొడి ఊడ్చిన నాథుడు లేడు. బస్తాల వెనకనుంచి ఖండన విన్నవాళ్లు ఆ సాయంత్రం దాంతోనే భోంచేశారు.

ఇంతలో పిల్లల జబ్బు సంగతి మృగరాజు గారికి తెలిసింది. తానే స్వయంగా వచ్చి వంటశాల చూస్తానని, ఒక్క బొద్దింక కనబడినా పొయ్యి ఆర్పించి తలుపుకి తాళం వేయిస్తానని ఆయన కబురు చేశారు.

నాంచారమ్మ గుండెల్లో రాయి పడింది. పొయ్యి ఆరితే బడి పిల్లలకి ఆ ఒక్క పూట తిండీ ఉండదు. తనకీ ముత్యాలుకీ తలదాచుకునే చోటు ఉండదు. అమ్మమ్మ నియమం సంగతి తర్వాత చూసుకోవచ్చనుకుని, చీపురు పుచ్చుకుని జంబుకేశ్వరరావు దగ్గరికి వెళ్లింది. రాజుగారు రావడానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి నలుగురిని సాయం పంపిస్తే, గోడలతో సహా కడిగేస్తానంది.

నక్క కంగారుపడిపోయాడు. "కడుగుతావా? కడిగితే ఇన్నాళ్లూ మురికిగా ఉందని మనమే ఒప్పుకున్నట్టు కాదూ? శుభ్రంగా ఉండటం వేరు, శుభ్రంగా కనబడటం వేరమ్మా. రాజుగారు వస్తున్నది కనబడేది చూడ్డానికి."

బొద్దింకకి వెలుగంటే పడదు కాబట్టి, మూలమూలకీ పగులుపగులుకీ మిణుగురుల్ని కాపలా పెట్టించేస్తే ఒక్కటి కూడా కంటికి ఆనదని తన పథకం వివరించాడు.

"మరి అవన్నీ ఎక్కడికి పోతాయండీ?" అనడిగింది నాంచారమ్మ.

"ఎక్కడికో అక్కడికి పోతాయి. ఎక్కడికన్నది మన సంఘం పరిధిలోకి రాదు."

ఇది పద్ధతి కాదని నాంచారమ్మకి తెలుస్తూనే ఉంది. కానీ భయం ఒకవైపు, గిన్నెలు కడగక్కర్లేదన్న ఊరట మరోవైపు. చీపురు తీసుకెళ్లి యథాస్థానంలో పెట్టేసింది.

తనిఖీ రోజున వంటశాల పెళ్లి పందిరిలా వెలిగిపోయింది. మృగరాజు గారు మూలలు చూశారు, బస్తాల వెనక చూశారు, గూట్లోకి తల దూర్చి చూశారు. ఎక్కడా ఏమీ లేదు. ఆ సంతోషంలో భోజనానికి కూర్చున్నారు. బడి వంట కాబట్టి శాకాహారమే. మొదట మొహం చిట్లించినా, ముద్దపప్పులో ఆవకాయ కలిశాక ఇంక తలెత్తలేదు. తినడం అయ్యాక అక్కడే కునుకు తీశారు.

పగుళ్లలో వెలుగు భరించలేక బొద్దింకలు అప్పుడు బయటికొచ్చాయి. ఎటు చూసినా మిణుగురులే. ఆ గది మొత్తానికి చీకటిగా ఉన్న చోటు ఒక్కటే మిగిలింది, మృగరాజు గారి జూలు. ఒత్తుగా, వెచ్చగా, కొబ్బరినూనెతో నిగనిగలాడుతూ ఉంది. ముందు ఒకటి తోక మీదుగా ఎక్కింది. వెనకే కుటుంబాలకి కుటుంబాలు బారులు తీరాయి.

నాంచారమ్మ గరిటె పట్టుకుని నిలబడి అంతా చూసింది. నక్క కూడా చూశాడు. పెదవుల మీద వేలు పెట్టి సైగ చేశాడు. చెబితే పొయ్యి ఆరిపోతుంది. తనిఖీ కోసం పక్కగదిలోకి మార్చిన ముత్యాలు ఈల వినిపిస్తోంది. నాంచారమ్మ మొహం పొయ్యివైపు తిప్పుకుంది.

మృగరాజు గారు లేచి, మెడ బరబరా గోక్కుని, ఇంత శుభ్రమైన చోటు తన రాజ్యంలోనే చూడలేదని మెచ్చుకున్నారు. జంబుకేశ్వరరావు బంతిపూల దండ వేసి, బయటికి తొంగిచూస్తున్న బొద్దింక మీసాల్ని జూలులోకి మెల్లగా నొక్కేశాడు.

"ఏమిటోయ్, తెగ దురదగా ఉంది?"

"తమరి జూలు ఆనందంతో పులకిస్తోంది ప్రభూ" అన్నాడు నక్క.

వంటశాలకేమో కొత్తగా ఒరిగిందేమీ లేదు. గోనెల్లో గుడ్లు పగిలాయి. కుళాయి కారుతూనే ఉంది. గిన్నెల్లో పిడికెళ్లు యథాప్రకారం. కొద్దిరోజుల్లో గోడ మళ్లీ కదలసాగింది. ముత్యాలు ఆయాసం ఇంకా ఎక్కువైంది. చేజేతులా చేసుకున్నానని నాంచారమ్మ కుమిలిపోయింది.

అవతల రాజుగారి గుహలో యువరాజుకి విరేచనాలు పట్టుకున్నాయి. మహారాణి గారి పాలగిన్నెలో బొద్దింక ఈతకొట్టింది. ఒకరోజు మృగరాజు గారు కొండ మీద నిలబడి గర్జించబోతే, దగ్గుతో కలిసి కుయ్ మన్న చప్పుడు బయటికొచ్చింది. అడవంతా విన్నది, విననట్టు తల తిప్పుకుంది. కొంగ డాక్టరుని పిలిపించారు. ఆయన అక్కడా అవే మాటలు చెప్పాడు. వంటశాలలో సలహాగా మిగిలిన మాట గుహలో శాసనమైంది.

పూట తిరక్కుండా అడవిలో కారే కుళాయి అన్నది లేకుండా పోయింది. తాబేలు పరిగెత్తడం అడవి అప్పుడే చూసింది. డబ్బాలకి మూతలొచ్చాయి, కాలవలకి జాలీలొచ్చాయి, పగుళ్లు పూడాయి, గోనెలు తగలబడ్డాయి. గుహలోకి బొద్దింకలు ఎలా వచ్చాయో తేల్చడానికి విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు జంబుకేశ్వరరావే. విచారణ ఇప్పటికీ సాగుతోంది.

ఎంగిలి గిన్నెలు ఎవరూ ఉంచుకోకూడదన్నది శాసనంలో ఆఖరి మాట. అది విని నాంచారమ్మ చాలాసేపు పొయ్యి ముందు కూర్చుంది. అమ్మమ్మని తలుచుకుని ఏడ్చింది. తర్వాత లేచి, చివరి మెతుకు దాకా తీసేసి, గిన్నెలన్నీ తోమి బోర్లించింది. లక్ష్మీదేవి అలుగుతుందేమోనని కొన్నాళ్లు భయంభయంగానే గడిపింది.

ఓ మధ్యాహ్నం పడుకున్న మనవరాలి దగ్గర్నుంచి ఏ చప్పుడూ వినిపించలేదు. నాంచారమ్మ హడలిపోయి పరిగెత్తి, ఛాతీ మీద చెయ్యి వేసి చూసింది. పిల్ల హాయిగా ఊపిరి తీస్తూ నిద్రపోతోంది. ఈల పోయింది, అంతే.

కాబట్టి పిల్లలూ, తిన్న గిన్నె తిన్నవెంటనే కడుక్కోవాలి; మిగతాది మీ ఒక్కరి వల్ల కాకపోతే, పై అధికారిని ఓ పూట భోజనానికి పిలవాలి.