ఆరని బోర్డులు

ఆ ఉదయం కొత్త కోడలు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. అత్తగారు స్నానానికి వెళ్లగానే రెండో టీ వంకతో భర్తను వంటింటి మెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకోవాలి. అంతే. కానీ భర్త సైన్‌బోర్డు పెయింటరు. భూకంపం వచ్చి నెల దాటిన ఊళ్లో సైన్‌బోర్డు పెయింటరుకు కూర్చునే తీరికెక్కడిది?

గోడలతో పాటు వీధుల పేర్లూ కూలిపోయాయి. ఆస్పత్రి ఏ గుడారంలో ఉందో, నీళ్లు ఏ మలుపులో ఇస్తున్నారో ఎవరికీ తెలియదు. బోర్డులు పక్క ఊళ్లో మెషీను మీద కొట్టించాలా, ఇక్కడే చేత్తో రాయించాలా అన్నది పునరావాస ఆఫీసు తేల్చుకోలేకపోయింది. ముందు నమూనాకు మూడు రాసి పెట్టమని కబురు పంపింది. ఆఫీసరు స్వయంగా ఇంటికొచ్చి చూస్తారట. నచ్చితే ఊరంతా అతని రాతే. నచ్చకపోతే, దుకాణం నేలమట్టమైన పెయింటరుకు పని వెతుక్కుంటూ వేరే ఊరు పోవడం తప్ప దారి లేదు.

"టర్పెంటైను అయిపోయింది, తెచ్చేస్తా. బోర్డులు గేటు లోపల గోడకు ఆనించాను. పచ్చిగా ఉన్నాయి, ముట్టుకోకు," అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

"ముట్టుకోనండీ."

అతను మలుపు తిరగగానే ఆమె బోర్డుల ముందు నిలబడింది. పసుపు మీద నల్లటి అక్షరాలు. ఒక్కొక్కటీ కొత్తబట్టలు కట్టుకున్నంత నిండుగా ఉంది. ఇంత అందం గేటు లోపల ఎవరికోసం? అంచులు పట్టుకుంటే ముట్టుకున్నట్టు కాదని డిగ్రీ చదివిన బుర్ర తీర్పు చెప్పింది. మూడింటినీ ఒక్కొక్కటిగా మోసుకెళ్లి, వీధంతా మా ఆయన చేతిరాత చూడాలని గోడ బయటి వైపు ఆనించి వచ్చింది.

వీధి చూసింది. 'తాగునీరు ఇక్కడ' అన్న బోర్డు ముందు బిందెతో ఒకావిడ నిలబడింది. ఆవిడను చూసి ఇంకొకాయన నిలబడ్డాడు. ఆయన వెనక ఎందుకో తెలియకుండానే మరికొందరు. ఆ నెల రోజుల్లో లైను కనిపిస్తే ముందు నిలబడి తర్వాత కనుక్కోవడం ఊరందరికీ అలవాటైపోయింది.

కోడలు పరుగున వచ్చింది. "అత్తయ్యా, కొంప మునిగింది! జనం నిజమనుకుంటున్నారు. బోర్డులు లోపల పెట్టేస్తాను."

తడి జుట్టు ముడేసుకుంటూ అత్తగారు గేటు దాకా వచ్చి, లైను చూసి, కొడుకు అక్షరాలు చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు.

"నా కొడుకు రాసింది అబద్ధం ఎందుకవుతుందే? పెరట్లో బోరింగు లేదూ? కొట్టు!"

కోడలు కొట్టింది. ఇంతలో ఎదురింటి కండక్టరు బాబాయి వచ్చాడు. రిటైరైనా ఆయనలోంచి బస్సు దిగలేదు. "జరగాలి, జరగాలి, ముందు ఖాళీ ఉంది!" అంటూ లైనును ఎవరూ అడగకుండానే చేతుల్లోకి తీసుకున్నాడు.

రెండో బోర్డు 'ప్రథమ చికిత్స'. దాని ముందు మోకాలు పట్టుకుని ఒక ముసలాయన కూలబడ్డాడు. అత్తగారు తలనొప్పి మందు డబ్బా తెచ్చి ఆయన మోకాలికి రుద్దారు. ఆయన లేచి నడిచాడు. దాంతో వీధిలో మోకాళ్లున్న ప్రతివాళ్లూ వచ్చారు. మూడో బోర్డు 'దొరికిన వస్తువులు అప్పగించండి'. గంట తిరిగేసరికి గడప మీద ఒక గోడ గడియారం, జత లేని బూటు, రెండు గొడుగులు, బుట్ట కింద ఒక కోడిపుంజు చేరాయి. పక్కింటావిడ తన కుక్కరు మూత కనిపెట్టి దాన్ని గుండెలకు హత్తుకుని ఏడ్చింది. కోడలి కళ్లూ చెమర్చాయి కానీ, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పెయింటరు టర్పెంటైను సీసాతో వచ్చేసరికి లైను మలుపు దాటింది.

"వెనక్కి, వెనక్కి!" కండక్టరు బాబాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"బాబాయ్, అది మా ఇల్లు!"

"ఇందాకటి నుంచీ అందరూ ఏదో ఒకటి చెబుతున్నారు. ఇదిగో, ఈయన ఆఫీసు పనట. లైన్లో రా అబ్బాయ్."

చేసేది లేక పెయింటరు లైను తోక పట్టుకున్నాడు. ముందున్న పెద్దమనిషి చేతిలో ఖాళీ సీసాతో కళ్లు చికిలిస్తూ నిలబడి ఉన్నాడు. అరగంట నిలబడితే ఎవరైనా ఆత్మీయులైపోతారు.

"ఎవరితో అనకండి సార్," అన్నాడు పెయింటరు గొంతు తగ్గించి. "ఆ బోర్డులు ఇక్కడివి కావు. నమూనాకు రాసినవి. మా ఆవిడ బయట పెట్టినట్టుంది. ఇప్పుడు ఆఫీసరు వచ్చి చూశాడో, నా పని అయిపోయినట్టే."

"ఆఫీసరు అంత చెడ్డవాడా?"

"మంచివాడే అనుకోండి, ఇది చూశాక పని ఇస్తాడా?"

ఇద్దరూ అంగుళం అంగుళం జరిగి బోరింగు దగ్గరికి చేరారు. కోడలు చెమటతో తలెత్తింది.

"ఏమండీ, మీరు లైన్లో ఏంటి? ఆఫీసరు వస్తే ఎలా?"

"వచ్చాడమ్మా," అన్నాడు పెద్దమనిషి, సీసా చాపుతూ. "ముందు ఇది నింపు."

బోరింగు ఆగింది. పెయింటరు టర్పెంటైను సీసా వీపు వెనక దాచుకున్నాడు. అత్తగారు మాత్రం మందు డబ్బా మూత పెట్టి సూటిగా అడిగారు. "రాత ఎలా ఉంది బాబూ?"

"నా కళ్లజోడు భూకంపంలో పోయిందమ్మా. మెషీను బోర్డులు ముక్కు ఆనిస్తే తప్ప కనబడవు. ఇది ఆ మలుపు దగ్గరే చదివాను. చదివి, దాహం గుర్తొచ్చి, వచ్చిన పని మరిచిపోయి లైన్లో నిలబడ్డాను." కోడలు నింపి ఇచ్చిన నీళ్లు గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు. "ఊరంతా ఇతనే రాయాలి. ఈ నీళ్ల బోర్డు మాత్రం కదపొద్దు. నిజమైన బోర్డు ఎందుకు తీయడం?"

కండక్టరు బాబాయి "రైట్ రైట్!" అని అరిచాడు. లైనంతా చప్పట్లు కొట్టింది. అత్తగారు కోడలి వైపు తిరిగి, "ఎవరు చెప్పారే బోర్డులు బయట పెట్టమని?" అని కసిరి, మరుక్షణం బుగ్గ పుణికారు.

మర్నాడు పచ్చి బోర్డులు గోడ నిండా ఆరుతున్నాయి. మళ్లీ గొడవెందుకని కోడలు భర్త కుంచె అడిగి తీసుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని, తానే ఒక చిన్న బోర్డు రాసింది. 'ఇక్కడ ఏమీ ఇవ్వబడదు.' అక్షరాలు కుదిరాయని భర్త మెచ్చుకున్నాడు.

సాయంత్రానికి దాని ముందు నలుగురు నిలబడ్డారు, ఎప్పటి నుంచి ఇవ్వరో కనుక్కుందామని.