ఎడమ మూల ఎర్రచుక్క

ఒక స్లైడును ప్రొజెక్టరులో ఎనిమిది రకాలుగా పెట్టవచ్చు. అందులో ఏడు తప్పు. ఆ ఏడింటి బారి నుంచి ప్రజలను కాపాడటానికే ఫొటోగ్రఫీ సంఘం పుట్టింది.

సంఘం పద్ధతి సులువే. స్లైడును వెలుతురుకు ఎత్తి, బొమ్మ నిటారుగా కనిపించేలా పట్టుకుని, ఎడమ కింది మూలన ఎర్రచుక్క పెట్టాలి. ప్రొజెక్టరు నడిపేవాడు ఆ చుక్క కుడి పై మూలకు వచ్చేలా స్లైడును తలకిందులు చేసి గాడిలో దించుతాడు. తెరమీద బొమ్మ నిటారుగా పడుతుంది. అతను చుక్కనే చూస్తాడు, బొమ్మను చూడడు. (మునుపటివాడు బొమ్మలు చూసేవాడు. నచ్చిన బొమ్మ దగ్గర ఆగిపోతున్నాడని తీసేశారు.)

చుక్కలకు ఒక పర్యవేక్షకుడు ఉన్నాడు. ఏది నిటారో ఎలా తెలుస్తుందని ఎవరో అడిగితే, సంఘం చర్చోపచర్చలు జరిపి, తల ఉన్న వైపే పైవైపని తీర్మానించింది. (తలలు లేని కొండలు, కుర్చీల సంగతి ఉపసంఘం చూస్తోంది.)

పళ్ల డాక్టరమ్మ ఈసారి సంఘం పోటీకి ఒకే స్లైడు తెచ్చింది. అందులో ఆమె అత్తగారు ఈతకొలను పలక మీంచి దూకి, తల కిందికి, కాళ్లు పైకి పెట్టి గాలిలో ఉన్నారు. అరవై దాటాక ఈత నేర్చుకుని మొదటిసారి దూకిన క్షణం అది. అత్తగారి వదిన మాత్రం నమ్మలేదు. కాలు జారి పడి ఉంటావని చుట్టాలందరి ముందూ తేల్చేశారు. అందుకే అత్తగారు ఆవిణ్ణి ప్రదర్శనకు లాక్కొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టారు.

పర్యవేక్షకుడు స్లైడు అందుకున్నాడు. తల కింద ఉంది. ఆమె పెట్టిన చుక్క తుడిచి ఎదుటి మూలన పెట్టాడు.

"ఆవిడ దూకుతున్నారండీ. తల కిందే ఉంటుంది" అంది డాక్టరమ్మ.

"దూకడం మీ ఇంటి విషయమమ్మా. తల మా పరిధి."

నీళ్లు పైకి వెళ్లిపోతాయని ఆమె మొత్తుకుంది. నీళ్లకు తల లేదు కాబట్టి అది ఉపసంఘానికి రాసుకోవాలన్నాడు.

దీపాలు ఆరాయి. అత్తగారు తెరమీద నిటారుగా, చేతులెత్తి, నెత్తిన కొలనుతో ప్రత్యక్షమయ్యారు. ఇంటి బరువు మోసే ఇల్లాలికి ఇంతకంటే గొప్ప సంకేతం లేదని న్యాయనిర్ణేత ప్రకటించాడు.

"దూకానన్నావు. నించునే ఉన్నావు కదే" అన్నారు వదిన.

అత్తగారు లేచి, స్లైడు తిప్పమని ప్రొజెక్టరతన్ని అడిగారు. చుక్క మారనిదే కుదరదన్నాడు అతను. చుక్క మారాలంటే సర్వసభ్య సమావేశం కావాలన్నాడు పర్యవేక్షకుడు.

అత్తగారు హాలు వైపు తిరిగారు. "అయితే మీరే తిరగండి నాయనా."

ముందు డాక్టరమ్మ తెరకు వీపు పెట్టి వంగి, కాళ్ల సందులోంచి చూసింది. పక్కవాళ్లు వంగారు. వరుసలకు వరుసలు వంగాయి. జేబుల్లోని తాళాలు, చిల్లర, ఎవరిదో కట్టుడు పళ్ల సెట్టు నేలమీద పడ్డాయి. న్యాయనిర్ణేత కూడా వంగి, సంకేతాన్ని వెనక్కు తీసుకున్నాడు. వదిన కుర్చీ పట్టుకుని మూలుగుతూ వంగారు.

"ఓసి నీ దుంపతెగ," అని కింది నుంచి వినిపించింది, "నిజంగానే దూకావే."

చప్పట్లు కొట్టబోయి కొందరు బోర్లాపడ్డారు. అత్తగారు పడిన వాళ్లతో సహా అందరికీ నమస్కారం పెట్టారు.

అత్తగారు కాక హాల్లో వంగనిది పర్యవేక్షకుడు ఒక్కడే. ఆ రోజు నివేదికలో ఆయన ఇలా రాశాడు: "స్లైడు సక్రమం. ప్రేక్షకుల తలలు కింది వైపున్నాయి. ఇకపై ప్రతి ఒక్కరికీ తలుపు దగ్గరే చుక్క పెట్టి లోపలికి పంపవలెను."