మూడుసార్లు పడిన గోల్

ఆ ఆదివారం పొద్దున్నే డ్రిల్లు మాస్టరు గంగాధర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో ఎర్ర చేతిరుమాలు మడిచి పెట్టుకుంటుంటే భార్య వెంకటలక్ష్మమ్మ ఎగాదిగా చూసింది.

"యాడికి పోతాండావు, పెండ్లికొడుకు మాదిరి?"

"ఊరికి మంచి చేసేదానికి."

"జాగ్రత్తప్పా. ఈ ఊరికి మంచి చేయబోయినోళ్లంతా జమ్మలమడుగు ఆస్పత్రిలో తేలినారు."

ఆమె మాటలో అబద్ధం లేదు. రాజుపాలెం దగ్గరి ఆ పల్లెలో అన్నీ రెండేసి. టీ అంగళ్లు రెండు, క్షవరం అంగళ్లు రెండు, పార్టీలు రెండు. పై ఊరు చిన్నన్నది, కింది ఊరు రామకొండయ్యది. నడుమ బడి. బడి పక్కన ఒక బీడు భూమి. అది నాదంటే నాదని ఇద్దరూ కోర్టుకెక్కడంతో అందులో ముళ్లకంప తప్ప ఏమీ మొలవలేదు. ఆ బీడును పిల్లల ఆటస్థలంగా ఇప్పించాలని గంగాధర్ ఏళ్ల తరబడి ఇద్దరి చుట్టూ తిరుగుతున్నాడు. ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టగలిగితే పని అవుతుందని ఆయన నమ్మకం. కూర్చోబెట్టడమే కుదరలేదు.

చివరికి దారి టీవీలో దొరికింది. ఎక్కడో మంచు కురిసే దేశంలో, చలికాలంలో, పైకప్పు వేసిన మైదానంలో ఫుట్‌బాల్ పోటీ జరుగుతోంది. ఏ దేశానికాదేశంలో చాంపియన్ అయిన క్లబ్బులే అందులో ఆడతాయి. ఆ సాయంత్రమే ఫైనల్. ప్రొద్దుటూరు నుంచి కరీముల్లా బాడుగకు కలర్ టీవీ తెచ్చి బడి ముందర పెట్టాడు. ఆట చూడ రమ్మని గంగాధర్ ఇద్దరు నాయకులకూ విడివిడిగా కబురు పెట్టాడు.

గంగాధర్‌ను ఊరంతా 'ఫుట్‌బాల్ సారు' అనేది. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు పోయిన రోజు ముందరివాళ్లందరూ కబడ్డీ అని చెప్పడంతో, వేరుగా ఉంటుందని ఫుట్‌బాల్ అన్నాడు. అంతకుమించి ఆయనకూ ఆ ఆటకూ చుట్టరికం లేదు. బడిలో ఉన్నది గాలి పోయిన వాలీబాల్ ఒక్కటే కాబట్టి ఇన్నాళ్లూ గుట్టు నిలబడింది.

నాయకులు వచ్చారు, ఒకే సమయానికి, చెరొక గేటు నుంచి. చెరొక పక్క కుర్చీలు వేయించుకున్నారు.

"ఎర్ర చొక్కాలోళ్లు మావోళ్లు," అన్నాడు చిన్నన్న, వాళ్లది ఏ దేశమో కూడా అడగకుండా.

"అయితే తెల్లచొక్కాలు మావి," అన్నాడు రామకొండయ్య.

నాయకుడు వస్తే టపాకాయలు కాల్చాలి. లేకపోతే మర్యాద తక్కువైందంటారు. ఎవరికి ముందు కాల్చినా రెండోవాడికి కోపమొస్తుంది. అందుకని గోల్ పడినప్పుడే కాల్పిద్దామని గంగాధర్ దీపావళికి మిగిలిన పెద్ద టపాకాయలు వెతికి తీసి, అటెండరు నారాయణను ప్రహరీ గోడ వెనక నిలబెట్టాడు. "నేను రుమాలు ఊపినప్పుడల్లా ఒకటి అంటించు. గోల్ పడినట్లు లెక్క," అని చెప్పాడు. అందరినీ ఆశ్చర్యపరుద్దామని ఆ సంగతి మరెవరికీ చెప్పలేదు. తెలివి అక్కడే తెల్లారింది.

ఆట మొదలైన కాసేపటికి ఎర్రచొక్కావాడొకడు బంతిని వలలోకి తన్నాడు. గంగాధర్ ఎగిరి రుమాలు ఊపాడు. ఊపిరి తీసుకునేలోపు మళ్లీ అలాగే తన్నాడు. మళ్లీ ఊపాడు. ఈసారి నింపాదిగా, గాలిలో ఈదుతున్నట్లు తన్నాడు. మూడోసారీ ఊపాడు.

"మూడా!" అని తొడ చరిచాడు చిన్నన్న.

గోడ వెనక నారాయణ పాపం చెప్పింది చెప్పినట్లే చేశాడు. టపాకాయలు చెమ్మగిల్లి ఉన్నాయి. మొదటిది బుసకొట్టి ఊరుకుంది, రెండోదీ అంతే. మూడోది అంటుకున్నాక మూడూ కలిసి పేలాయి.

ఆ ఏళ్లలో ఆ ఊళ్లో ఢామ్మంటే బాంబే. "బాంబులేస్తాండార్రా!" అని ఎవడో అరిచాడు. క్షణంలో కుర్చీలు పల్టీకొట్టాయి. పై ఊరివాళ్లు కిందికీ, కింది ఊరివాళ్లు పైకీ పరుగెత్తారు. ఆ చప్పుడు టపాకాయలదని తెలిసినవాళ్లు ఆ గుంపులో ఇద్దరే, నారాయణా, గంగాధర్. నారాయణ కదలలేదు. గంగాధర్ మాత్రం అందరితో పాటే పరుగెత్తాడు. ఎందుకు పరుగెత్తాడో ఆయనకే తెలియదు. కాళ్లు మెదడును అడగలేదు. చిన్నసుబ్బమ్మ గొర్రెల దొడ్డి కంప దూకి, మూలనున్న గొంగడి కిందికి దూరాడు.

గొంగడి కింద జాగా లేదు. కాసేపటికి చీకటికి కళ్లు అలవాటు పడ్డాయి. ఒక పక్క చిన్నన్న మీసం, ఇంకో పక్క రామకొండయ్య మీసం.

"నీ మనుషులే ఏసినారు," అన్నాడు చిన్నన్న గుసగుసగా.

"ఏసింటే నేనీడ ఎందుకు దాక్కుంటా? నీ మనుషులే!"

"చూడు, పొద్దు గుంకేలోపల పులివెందుల నుంచి మా బామ్మర్ది రెండు జీపుల్లో దిగుతాడు. రేపు మీ ఊరు ఉండదు."

గంగాధర్‌కు నోరు మూసుకుంటే మానం దక్కుతుంది, ఊరు తగలబడుతుంది. భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. చీలలేదు.

"బాంబులు కాదప్పా," అన్నాడు ఏడుపు గొంతుతో. "టపాకాయలు. గోల్ పడినప్పుడు కాల్చమని నేనే చెప్పినా."

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు.

"మరి నువ్వెందుకు ఉరికితివి?" అన్నాడు రామకొండయ్య.

గంగాధర్ సిగ్గుతో ముఖం గొంగడిలో దాచుకున్నాడు. ఆ గొంగడిని అప్పుడే ఎవరో లాగేశారు. మేత నుంచి మందను తోలుకొచ్చిన చిన్నసుబ్బమ్మ కర్రతో నిలబడి ఉంది.

"ఏందప్పా, మూడు పొట్టేళ్లు ఎక్కువ కనపడ్తాండాయి?"

చిన్నన్న చొక్కాకంటిన పెంటికలు దులుపుకున్నాడు. "అమ్మా, ఈ మాట బయటికి పోగూడదు," అన్నాడు, జీవితంలో మొదటిసారి బతిమాలుతూ.

"నాకేం పని? నా గొర్రెలు బెదరకుండా ఉంటే చాలు."

ముగ్గురూ బడికి నడిచారు. ఆ మసక వెలుతురులో ఎవరి ముఖం ఎవరూ చూడలేదు. బాడుగ టీవీని విడిచిపోలేక కరీముల్లా ఒక్కడే కూర్చుని ఆట చూస్తున్నాడు.

"ఎంతైంది?" అడిగాడు చిన్నన్న.

"సున్నా సున్నా అన్నా."

"మా మూడు గోల్సు?"

"పడింది ఒకటే. దాన్నే తిప్పి తిప్పి చూపించిరి. అదీ తప్పని రెఫరీ కొట్టేసినాడు."

గంగాధర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఊరు బిక్కుబిక్కుమంటూ ఇంకా తలుపులు తీయలేదు. లేని గోలుకు, లేని బాంబులకు అంతా ఉరికారు. తన పిరికితనం ఒక్కటే నిజం.

రామకొండయ్య గొంతు సవరించుకున్నాడు. "చిన్నన్నా, మీ బామ్మర్దికి ఫోను చేసి రావద్దను. దొడ్డి మాట నువ్వెత్తొద్దు, నేనెత్తను. ఎవరన్నా అడిగితే, బీడు సంగతి మాట్లాడేదానికి ఇద్దరమూ పక్కకు పోయినామని చెప్దాం."

"ఏం మాట్లాడినామంటే?"

"బడికిచ్చినామని."

చిన్నన్న తలాడించాడు. గంగాధర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏళ్ల తరబడి దండాలు పెట్టి సాధించలేనిది గొంగడి కింద సాధించాడు.

"ఒకటే షరతు సారూ," అన్నాడు చిన్నన్న. "వచ్చే ఆదివారం ఊరంతా వస్తాది. ఆ జాగాలో మొదటి ఆట నువ్వే ఆడి చూపియ్యాల. ఫుట్‌బాల్ సారువు గదా."

మర్నాడు తెల్లారకముందే గంగాధర్ ప్రొద్దుటూరు బస్సెక్కాడు, బంతి కొనడానికి. దాన్ని కాలితో తన్నాలన్నంతవరకు ఆయనకు గట్టిగా తెలుసు. టీవీలో మూడుసార్లు చూపించారు.